రెండు బ్లేడ్లు

పెరియమేట్‌లో ఆ లాడ్జికి బిజినెస్ హోటలని పేరు.
బిజినెస్ అంటే, గదిలో ఒక బల్ల,
బల్ల మీద పనిచేయని ఫోను,
ఫోను కింద పనిచేసే బొద్దింక.
ఏసీ రిమోటుకి రెండొందలు డిపాజిట్టు.
వేణ్ణీళ్ళు ఆరు నించి ఎనిమిది దాకా,
సబ్బు చింతగింజంత.
గోడ మీద కేరళ బొమ్మ వెలిసిపోయి
పడవ మిగిలింది, నీళ్ళు లేవు.

గోడౌన్ వీధిలో ఒక సేటు నాకు ఎనభై నాలుగు వేలు ఇవ్వాలి.
మూడు రోజులుగా రేపంటున్నాడు, మూడు భాషల్లో.
అందుకని నేను 312.

311లో ఆవిడ.
రిజిస్టరులో నా పేరుకి పైన: ఇబినాబో.
ఊరు బుగుమా, నైజీరియా.
వచ్చిన పని అన్న గడిలో ఒకటే మాట, బట్ట.
నా గడిలో, వసూలు.

రాత్రి పదింటికి రూమ్‌బాయ్ అరివళగన్ తలుపు కొట్టాడు.
"సార్, పక్క మేడమ్ బ్లేడు కావాలంటుంది.
ఒకటి కాదు, రెండు. ఇవ్వచ్చా?"
వచ్చీరాని తెలుగులో భయం మాత్రం స్వచ్ఛంగా ఉంది.
చెప్తే మేనేజరు పోలీసులంటాడు,
చెప్పకపోతే రేపు వాడి ఉద్యోగం.
తెల్లచొక్కా వేసుకున్న పాపానికి
నేను పెద్దమనిషినయ్యాను.

తలుపు తీసే ఉంది.
మంచం నిండా గళ్ళ బట్ట,
ఎరుపు, నీలి, మధ్యలో గంజి రంగు.
చూడగానే నా కాళ్ళు మగ్గం గుంటలోకి దిగాయి,
ఇరవయ్యేళ్ళ కింద పూడ్చేసిన గుంటలోకి.

మా పేరాలలో దీన్ని రుమాలనేవాళ్ళు.
ఎవరి తలకో, ఎవరి నడుముకో మాకు తెలీదు.
ఓడెక్కుతుందని తెలుసు.
"దూరదేశపోళ్ళది, రంగు దిగకూడదు" అనేవాడు నాన్న.
ఆయనకి మద్రాసూ దూరదేశమే.

ఆవిడ అంచు ముక్కుకి ఆనించి వాసన చూసింది.
ఒక మూల కొరికి, నమిలి,
అసలుదే అన్నట్టు తలాడించింది.
గోడౌన్ వీధిలో ఎవరో పాత సరుకు అమ్మాడట, రొక్కానికి.
పేరడిగితే, నా సేటే.

అప్పుడు బ్లేడు అందుకుంది.
ఒక పోగు కోసింది. లాగేసింది.
ఇంకోటి.
"అయ్యో" అన్నాను, తెలుగులోనే.

పోగు తెగిందని అమ్మ కేకేస్తే
కలిపిన ముద్ద వదిలి లేచేవాడు నాన్న.
చెయ్యి కడిగి, ముడేసి, ఉమ్ము తడి అద్ది,
ముడి కంటికి ఆనకుండా రుద్ది,
అప్పుడొచ్చి చల్లారిన అన్నం తినేవాడు.
ఈవిడ తెంపుతోంది, లెక్కపెట్టి మరీ.
నాలుగు వదిలి రెండు,
రెండు వదిలి ఒకటి.

ట్యూబ్‌లైటుకి ఎత్తి చూపించింది.
మా గళ్ళలోంచి ఒక తాబేలు లేచింది,
దాని వెనక చేప ముళ్ళు.
వాళ్ళ అమ్మమ్మ కోసినవి ఇంకా పెట్టెలో ఉన్నాయట,
ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా పోతే తీసి
మంచం చుట్టూ కడతారట.
ఆ చావుల్లో ఎన్నింటికి
నాన్న చెయ్యి వెళ్ళొచ్చిందో.

"ఇప్పుడెక్కడ నేస్తున్నారు?" అని అడిగింది.
మా గుంట ఉన్నచోట ఫ్రిజ్జుంది,
ఫ్రిజ్జు మీద స్టెబిలైజరు.
"దొరుకుతుంది" అన్నాను,
సేటు రేపన్నట్టే.

అరివళగన్ గుమ్మంలోనే ఉన్నాడు,
రెండో బ్లేడు కాగితం విప్పకుండా పట్టుకుని.
"ఇంతేనా సార్" అన్నాడు, కొంచెం నిరాశగా.

పొద్దున్న సేటు నలభై వేలకి చెక్కు రాశాడు, తేదీ వెయ్యకుండా.
తిరిగొచ్చేసరికి 311 తలుపు బార్లా తెరిచి ఉంది,
ఫినాయిల్ వాసన.
చీపురు ముందు ఎర్రపోగులు, నీలిపోగులు,
ఎవరిదో జుట్టు, ఒక బస్సు టిక్కెట్టు.

వంగి రెండు పోగులు ఏరాను.
కొసలు తడి చేశాను.
ముడి జారిపోతోంది.
మళ్ళీ వేశాను, మళ్ళీ జారింది.

కింద నించి కేక,
312, టైము దాటి ఇరవై నిమిషాలు,
ఇంక అర పూట అద్దె.